కాలేయ వ్యాధులు: మందు పనిచేసినదని తెలియుట యెట్లు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఒకరికి పచ్చకామెర్లు వచ్చినవన్న మాట పుట్టగానే ఇరుగుపొరుగువారు మొట్టమొదట చెప్పునది పసరుమందు సంగతి. ఒక ఊరిలో పసరు త్రాగింతురు. ఇంకొక ఊరిలో ముక్కులో చుక్కలు వేయుదురు. మరియొక చోట మణికట్టు మీద వాత పెట్టుదురు. ఉప్పు, నూనె మానిపించి కఠినమైన పథ్యము చేయింతురు. రోగి వెళ్లును, మందు పుచ్చుకొనును. నెల తిరుగునప్పటికి కన్నుల పసుపు విరిగి, అన్నము సహించి, పొలము పనులకు పోవుచుండును. ఇది ఊరివారందరు కన్నులార చూచినదే. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెనని ఎవరైన అడిగినచో, ఆ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు.

ఏలయనగా, మహాపట్టణములలోని ఘనవైద్యులు సైతము చిరకాలము ఇట్టి సాక్ష్యము మీదనే ఆధారపడిరి. మందు ఇచ్చితిమి, రోగము తగ్గినది, కావున మందే తగ్గించినదని వారును తలచిరి. వారిలో పలువురు పొరపడిరి. గడచిన డెబ్బదియైదు సంవత్సరములలో కాలేయ వ్యాధుల చికిత్సయందు కలిగిన అభివృద్ధికి మూలము ఏదో యొక దివ్యౌషధము కాదు. అట్టి సాక్ష్యమును తూచుటకు తగిన తక్కెడను వైద్యులు సంపాదించుకొనుటయే. ఆ తక్కెడ యెట్టిదో, అది ఎవరి పొరపాటును బయటపెట్టినదో, ఎవరి ప్రాణములను నిలిపినదో తెలుపుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

కాలేయము - దాని మౌనము

కాలేయము ఉదరమున కుడివైపున ప్రక్కటెముకల చాటున నుండును. పెద్దవారిలో అది సుమారు కిలోన్నర బరువు తూగును. తిన్న అన్నములోని సారము ప్రేగులనుండి పోర్టల్ సిర యను పెద్ద రక్తనాళము ద్వారా మొదట ఇచ్చటికే చేరును. కాలేయము దానిని శుద్ధి చేయును, కొంత నిలువ చేయును, పైత్యరసమును తయారు చేయును, గాయమైనప్పుడు రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను సమకూర్చును. కొంత భాగమును కోసి తీసివేసినను మిగిలిన భాగము తిరిగి పెరుగగల శక్తి దీనికి కలదు.

ఈ శక్తియే ఒక విధముగ అపాయమునకును కారణమగుచున్నది. కాలేయపు లోపలి కండకు నొప్పి తెలియదు. సగము చెడినను మిగిలిన సగము పని నడుపుచుండును. ఇంటి పెద్ద అప్పులన్నియు లోలోపల భరించి, తాకట్టు గడువు తీరిన నాడుగాని ఇంటివారికి చెప్పనట్లు, కాలేయము కడదాక పైకి చెప్పదు. చెప్పు నాటికి చాలమందిలో ఆలస్యమైపోవును.

తగ్గు రోగము, దాగు రోగము

కామెర్లు ఒక రోగము కాదు. పెక్కు రోగములకు ఉమ్మడి చిహ్నము. పిల్లలకు, పడుచువారికి ఊరిలో సాధారణముగ వచ్చు కామెర్లకు కారణము హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ అను వైరస్‌లు. ఇవి మలముచే చెడిన నీటివలన, ఆహారమువలన వ్యాపించును. వీనిలో హెచ్చుభాగము కొన్ని వారములలో తమంతట తామే తగ్గిపోవును. గర్భిణులకు మాత్రము హెపటైటిస్-ఇ ప్రాణాంతకము కావచ్చును. పసరుమందునకు వచ్చిన పేరులో పెద్దపాలు ఈ తమంతట తామే తగ్గు కామెర్లదే. పసరు త్రాగినవాడును నెలకు లేచి తిరుగును. త్రాగనివాడును నెలకు లేచి తిరుగును. కాని త్రాగనివానిని ఎవరును లెక్కింపరు.

రెండవ తెగ హెపటైటిస్-బి, హెపటైటిస్-సి. ఇవి నీటివలన రావు. రక్తము ద్వారా, శుద్ధి చేయని సూదుల ద్వారా వచ్చును. హెపటైటిస్-బి తల్లినుండి పుట్టిన బిడ్డకును, స్త్రీపురుష సంపర్కము వలనను వచ్చును. పెద్దవయసున హెపటైటిస్-బి సోకినచో నూటికి తొంబదియైదుగురికి పైగా దానిని వదలించుకొందురు. పుట్టుకతో సోకిన శిశువులలో నూటికి సుమారు తొంబదిమందికి అది స్థిరపడిపోవును. ఇట్లు నిలిచినవారు ఇరువది, ముప్పది సంవత్సరములు ఏ బాధయు లేక తిరుగవచ్చును. లోపల మాత్రము కాలేయపు మెత్తని కండ స్థానమున గట్టి నారమచ్చలు ఏర్పడుచుండును. దీనినే సిర్రోసిస్ అందురు. తరువాత జలోదరము, రక్తపు వాంతులు, కొందరిలో కాలేయపు క్యాన్సరు సంభవించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2022లో ప్రపంచమున 25 కోట్ల 40 లక్షలమందికి హెపటైటిస్-బి, 5 కోట్లమందికి హెపటైటిస్-సి దీర్ఘవ్యాధిగ నుండెను.

ఇట్టి దీర్ఘరోగికి కన్నులు పచ్చబడుట తరచుగ ఆరంభ చిహ్నము కాదు, చివరి దశకు చిహ్నము. అతడును ఆ పసరు కొరకే పోవును. అచ్చట పోగొట్టుకొన్న నెలలు మరల రావు.

తక్కెడ యేది?

మందు పనిచేసినదా యని తెలియుటకు మార్గము విన్నచో సులభముగనే తోచును. ఒకే విధమైన రోగులను రెండు జట్లుగ చేయవలెను. ఒక జట్టుకు మందు, రెండవ జట్టుకు చూపునకు అట్టిదే యైన ఉత్తమాత్ర ఇయ్యవలెను. ఎవరు ఏ జట్టులో చేరవలెనో వైద్యుడు నిర్ణయింపరాదు. చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగ నిర్ణయము కావలెను. వీలయినంతవరకు ఎవరికి ఏది అందినదో రోగికిని, వైద్యునికిని కూడ కడవరకు తెలియరాదు. పిమ్మట రెండు జట్లలోను బ్రతికినవారిని, చనిపోయినవారిని, నడుమ మానివేసినవారిని ఒక్కరినైన విడువక లెక్కింపవలెను. బ్రిటనులో 1948లో ప్రకటింపబడిన క్షయరోగపు స్ట్రెప్టొమైసిన్ పరీక్ష ఈ పద్ధతికి మార్గదర్శియైనది.

చీట్లు తీయుట యెందులకను సందేహము రావచ్చును. దానికి జవాబు సిర్రోసిస్ శస్త్రచికిత్సల చరిత్రలో కలదు. కాలేయము గట్టిపడినప్పుడు పోర్టల్ సిరలోని రక్తము ముందుకు సాగదు. పెద్దకాలువకు అడ్డు పడినచో నీరు పిల్లకాలువలలోనికి ఎగదన్ను విధముగ, ఆ రక్తము అన్నవాహిక అడుగునగల సన్నని సిరలలోనికి ఎగదన్నును. అవి ఉబ్బి పగిలినచో రోగి రక్తము కక్కుకొనును. దీనికి విరుగుడుగ పోర్టల్ సిరను కాలేయము దాటించి, గుండెకు పోవు పెద్దసిరతో కలిపి కుట్టు శస్త్రచికిత్సను వైద్యులు చేయుచుండిరి. దానిని మెచ్చుకొనుచు ఎన్నియో వ్యాసములు వెలువడెను.

1966లో గ్రేస్, మ్యూంచ్, చామర్స్ అను ముగ్గురు అట్టి 51 నివేదికలను ముందు పెట్టుకొని వర్గీకరించిరి. పోల్చుటకు రెండవ జట్టే లేని నివేదికలు 32. వానిలో 24 ఈ శస్త్రచికిత్సను మిక్కిలి పొగడినవి. పోలికజట్టు ఉన్నను చీట్లు తీయక జట్లు కట్టిన నివేదికలు 15. వానిలో 10 మిక్కిలి పొగడినవి. చీట్లు తీసి జట్లు కట్టిన నివేదికలు 4 మాత్రమే. వానిలో మిక్కిలి పొగడినది ఒక్కటియు లేదు. ఒకటి కొంత మెచ్చినది, మూడు మెచ్చనేలేదు.

ఇందులో అబద్ధమాడినవారు ఎవరును లేరు. కత్తికోతకు ఓర్చుకొనగల దృఢమైన రోగులనే శస్త్రవైద్యులు ఎన్నుకొనిరి. దృఢమైనవారు ఏమి చేసినను, చేయకున్నను కొంత హెచ్చుకాలము బ్రతుకుదురు. ఆ బ్రతుకంతయు కత్తి ఖాతాలో జమయైనది. ఎడ్ల బండ్ల పందెమునకు మేలుజాతి ఎడ్లను ఒక బండికి, బక్కయెడ్లను వేరొక బండికి కట్టి, గెలిచిన బండి చక్రమును పొగడినట్లయినది. ఆ శస్త్రచికిత్స రక్తస్రావమును తగ్గించిన మాట నిజమే. అయితే కాలేయమును తాకక పోయిన రక్తములోని విషపదార్థములు మెదడును చేరి రోగిని మత్తులోనికి దింపుచుండెను. మొత్తముమీద ఆయువు పెరుగలేదు.

ఒకే మందు, రెండు ఫలితములు

ఒక మందు ఒకరిని బ్రతికించి, ఇంచుమించు అట్టి రోగమే కలదని తోచిన వేరొకరికి హాని చేయుట కలదా? కలదు. ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్ మందు చరిత్ర దీనికి నిదర్శనము.

లండను నగరమునందలి రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో కాలేయ వైద్యమున జగత్ప్రసిద్ధురాలైన షీలా షెర్లాక్, ఆమె సహచరులు దీర్ఘకాలికమైన చురుకు హెపటైటిస్ గల 49 మందిపై ఈ మందును పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న 22 మందిలో ముగ్గురు చనిపోయిరి. పుచ్చుకొనని 27 మందిలో 15 మంది చనిపోయిరి. శరీరములోని రక్షణశక్తియే పొరపాటున తన కాలేయమును శత్రువుగ భావించి దెబ్బతీయు వ్యాధి గలవారే ఆ రోగులలో హెచ్చు. స్టెరాయిడ్ ఆ తిరుగుబాటును అణచినది. నేటికిని ఆ వ్యాధికి ఇట్టి మందులే ఆధారము.

అది మొదలు, కాలేయము వాచినదన్నచో ఇదే మందు ఇయ్యవచ్చునన్న తలంపు వ్యాపించుట సహజమే. అయితే హాంగ్‌కాంగ్‌లోని వైద్యులు హెపటైటిస్-బి వైరస్ వలన వచ్చిన చురుకు హెపటైటిస్ గల 51 మందిపై అదే మందును చీట్లు తీసి పరీక్షించి 1981లో ప్రకటించిరి. ఇచ్చట ఫలితము తలక్రిందులైనది. మందు పుచ్చుకొన్నవారికి రోగము నెమ్మదించుట ఆలస్యమైనది. తిరుగబెట్టుట, ఉపద్రవములు, మరణములు హెచ్చినవి. వైరస్ వలన వచ్చిన రోగమున శరీరరక్షణను అణచినచో లాభపడునది వైరస్సే కదా!

ఈ రెండు రోగములను వేరు పరచుటకు తోడ్పడినది బరూచ్ బ్లూమ్‌బర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుని పరిశోధన. ఆయన వెదకినది కాలేయ వ్యాధిని కాదు. మనుష్యజాతుల రక్తములలోని భేదములను పరిశీలించుచు, ఆస్ట్రేలియా ఆదివాసి యొకరి రక్తములో వింతపదార్థమును కనుగొని, 1965లో దానిని “ఆస్ట్రేలియా యాంటిజెన్” అను పేర ప్రకటించెను. అది హెపటైటిస్-బి వైరస్ పైపొర యని తరువాత తేలినది. ఆ పరీక్ష వచ్చిన తరువాత రక్తదానమునకు వచ్చినవారిలో వైరస్ గలవారిని ముందే గుర్తింపగలిగిరి. ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించెను.

నేల ఉసిరి కథ

ఇంతవరకు చెప్పినది విదేశీ వైద్యుల పొరపాట్లు. ఇక ఆకుమందు సంగతి. పొలముగట్ల మీద, పెరటిలో మొలచు నేల ఉసిరిని ఎరుగని రైతు లేడు. దానిని కామెర్లకు వాడుట పూర్వాచారము. ఈ ఆకును పరిశోధకులు హేళన చేసి విడువలేదు. అదే తక్కెడలో పెట్టి తూచిరి.

మద్రాసులో త్యాగరాజన్, ఆయన సహచరులు హెపటైటిస్-బి వైరస్ నిలిచినవారికి నేల ఉసిరి పొడిని 30 దినములిచ్చి 1988లో ఫలితము ప్రకటించిరి. పైన చెప్పిన బ్లూమ్‌బర్గ్ ఆ పరిశోధనలో భాగస్వామి. పొడి పుచ్చుకొన్న 37 మందిలో 22 మంది రక్తమునుండి వైరస్ చిహ్నము మాయమైనది. ఉత్తమాత్ర పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే మాయమైనది. ఈ వార్త విని సంతోషింపని వారుండరు. పెరటిలోని మొక్క కోట్లమందికి మందగునన్న ఆశ అది.

కాని శాస్త్రమున ఒక్క సాక్షి చాలడు. ఒకచోట నిజమైనది రెండవచోట, వేరొకరి చేతిలో కూడ నిజము కావలెను. థాయిలాండులో ఇదే మొక్కతో పరీక్షించిన వైద్యులు వైరస్ పోలేదని 1990లో ప్రకటించిరి. ఆ తరువాత అనేక పరీక్షలను కూడగట్టి పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2011లో, దీర్ఘకాలిక హెపటైటిస్-బికి ఈ మొక్క ఉత్తమాత్ర కంటె మేలు చేయునని నమ్ముటకు తగిన ఆధారము లేదని తేల్చెను.

ఈ కథలో అవమానపడినవారు ఎవరును లేరు. మద్రాసు పరిశోధకులు తాము చూచినది చూచినట్లు వ్రాసిరి. తమ పద్ధతిని ఇతరులు తిరిగి పరీక్షింప వీలుగ బహిరంగపరచిరి. మందు వివరము చెప్పినచో మహిమ పోవునని దాచు పసరుమందునకును, దీనికిని గల భేదమదియే. ఆకు కావచ్చు, అంగడి మాత్ర కావచ్చు, పుట్టిన చోటునుబట్టి దానికి గౌరవముగాని, లోపముగాని లేదు; పరీక్షకు నిలుచుటయే గౌరవము.

గెలిచిన మందులు

పరీక్షలు మందులను కొట్టివేయుటకే కాదు, గెలిపించుటకును ఉపకరించినవి. రక్తము కక్కు సిర్రోసిస్ రోగులకు పెద్ద శస్త్రచికిత్స ఆయువు నీయలేకపోయినదని తేలినదిగదా. పారిస్ చెంత క్లిషీలోని బోజాన్ ఆసుపత్రిలో లెబ్రెక్, ఆయన సహచరులు గుండెజబ్బులకు వాడు ప్రొప్రనొలోల్ అను చౌకమాత్రను అట్టి 74 మందిపై పరీక్షించి 1981లో ప్రకటించిరి. ఏడాది గడచునప్పటికి మరల రక్తస్రావము లేనివారు మాత్ర పుచ్చుకొన్న జట్టులో నూటికి 96 మంది. ఉత్తమాత్ర జట్టులో నూటికి 50 మంది. కత్తి సాధింపలేనిది చిన్నమాత్ర సాధించినది.

హెపటైటిస్-బి గలిగి కాలేయము బాగుగ గట్టిపడిన 651 మందిపై లామివుడిన్ అను మందును పరీక్షించి 2004లో ఫలితము ప్రకటించిరి. వ్యాధి ముదిరినవారు మందు జట్టులో నూటికి 7.8, రెండవ జట్టులో నూటికి 17.7. మేలు స్పష్టముగ కనబడగానే గడువు తీరకమునుపే పరీక్షను ఆపివేసిరి. మేలు తెలిసిన పిమ్మటను కొందరికి ఉత్తమాత్ర ఇచ్చుట ధర్మము కాదు గనుక. ఆ మందుకు వైరస్ క్రమముగ లొంగకుండుట చేత దాని స్థానమున టెనోఫోవిర్, ఎంటెకావిర్ వచ్చినవి. ఇవి వైరస్‌ను పూర్తిగ తుడిచివేయుట అరుదు, అణచి ఉంచును. వైద్యుని సలహా లేక నడుమ మానరాదు.

హెపటైటిస్-సి కథ ఇంకను సంతోషకరమైనది. 1975 నాటికి ఎ, బి రెండును కాని కామెర్లు రక్తమెక్కించిన వారికి వచ్చుచున్నవని అమెరికా పరిశోధకులు గుర్తించిరి. దానికి పేరు సైతము లేకుండెను. 1989లో మైకేల్ హౌటన్, ఆయన సహచరులు ఆ వైరస్‌ను గుర్తించిరి. రక్తమును పరీక్షించి వాడుట మొదలయ్యెను. 2013 చివర అమెరికాలో సోఫోస్బువిర్ అను మాత్రకు అనుమతి లభించినది. అట్టి మాత్రలను కలిపి సాధారణముగ పండ్రెండు వారములు వాడినచో నూటికి తొంబదిమందికి పైగా వైరస్ పూర్తిగ తొలగుచున్నది. హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమానము వచ్చెను. భారత ప్రభుత్వము 2018 జులై 28న ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమున పరీక్షలు, మందులు ఉచితముగ ఇచ్చు ఏర్పాటు జరిగినది.

రాకుండ చేయుట

వచ్చిన తరువాత మాన్పుటకంటె రాకుండ చేయుట మేలు. తైవానులో బీస్లీ, ఆయన సహచరులు 22,707 మంది ప్రభుత్వోద్యోగులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచి 1981లో ప్రకటించిరి. కాలేయపు క్యాన్సరు వచ్చిన 41 మందిలో 40 మంది హెపటైటిస్-బి గలవారే. ఇంతటి స్పష్టమైన సాక్ష్యము వైద్యచరిత్రలో అరుదు. 1984 జులైలో ఆ దేశము శిశువులకు టీకా వేయుట ఆరంభించెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలలో ఈ క్యాన్సరు 1981-86 నడుమ లక్షకు 0.70 ఉండగా 1990-94 నాటికి 0.36కు దిగెను. టీకావలన ఒక క్యాన్సరు తగ్గుట ప్రపంచము అప్పుడే చూచినది.

ఈ కథలో తెలుగువారికిని పాలు కలదు. విదేశీ టీకా ధర సామాన్యునకు అందని కాలమున, హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో భారతదేశములోనే తయారైన మొదటి పునఃసంయోజక హెపటైటిస్-బి టీకాను విడుదల చేసెను. ధరలు దిగివచ్చినవి. 2011 నాటికి ఈ టీకా దేశమంతటను సార్వత్రిక టీకా కార్యక్రమమున చేరినది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు పడవలెను. ఆ ఒక్క దినపు జాగ్రత్త ఆ బిడ్డకు ముప్పదియేండ్ల తరువాత రాబోవు ఆపదను ఆపును. పురుటింటి సందడిలో పెద్దలు మరువరాని సంగతి ఇది.

వైరస్‌లే కాక మద్యమును, ఒంటి కొవ్వును కాలేయమునకు శత్రువులు. మద్యము మానుటకు సమానమైన మందు మద్యపు సిర్రోసిస్‌కు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై చేసిన పోరాటము కాపురములను నిలుపుటకే సాగినను, అది కాలేయములను కాపాడిన పోరాటము కూడ. ఇక మద్యము త్రాగనివారికిని కాలేయమున కొవ్వు పేరుకొని వాపు కలుగుచున్నది. క్యూబాలో 293 మందిపై జరిపి 2015లో ప్రకటించిన పరిశీలనలో, ఆహారమును తగ్గించి, వ్యాయామము చేసి, శరీరపు బరువులో పదవవంతు తగ్గించుకొన్నవారిలో నూటికి 90 మందికి ఆ వాపు తొలగినది.

ఋణము

ఇన్ని అంకెలు చెప్పిన పిమ్మట ఒక్క అంకె వద్ద నిలువక తప్పదు. లండను పరీక్షలో మందు అందని 27 మందిలో 15 మంది మరణించిరి. పరీక్ష ఆరంభించిన నాడు ఆ మందు మేలు చేయునో, కీడు చేయునో ఏ వైద్యునికిని తెలియదు. హాంగ్‌కాంగ్‌లో మందు అందినవారే నష్టపడిరి. రెండు చోట్లను ఏ జట్టున చేరుట అదృష్టమో ముందుగ చెప్పగలవారు లేరు. ఆ రోగుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. నేడు ఒక తల్లికి సరియైన మందు ఇయ్యబడినదన్నచో, వేరొకనికి హానిచేయు మందు ఇయ్యబడలేదన్నచో, అది ఆ పేరులేని వారి భిక్ష. అందువలననే నేడు ఇట్టి పరీక్షలకు నియమములు ఏర్పడినవి. రోగికి అన్నియు తెలియజెప్పి సమ్మతి తీసికొనవలెను. ఎప్పుడైన తప్పుకొను హక్కు అతనికి ఉండవలెను. హాని కనబడినచో పరీక్షను ఆపవలెను.

ఇంటింట గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. కన్నులు పచ్చబడినప్పుడు మొదట రక్తపరీక్ష చేయించి ఏ తెగ కామెర్లో తెలిసికొనవలెను. గర్భిణికి కామెర్లు వచ్చినచో ఒక్కదినమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. గర్భిణులందరు హెపటైటిస్-బి పరీక్ష చేయించుకొనవలెను. ఒకరికి హెపటైటిస్-బి యున్నచో ఇంటిల్లిపాదియు పరీక్షించుకొని, లేనివారు టీకా వేయించుకొనవలెను. కంచము పంచుకొనుటవలన ఇది రాదు గనుక ఆ మనిషిని వెలివేయరాదు. క్షురకుని కత్తి, సూది, మంగలిపెట్టె విషయమున మాత్రము శుభ్రత పాటింపవలెను.

ఇక మందును గూర్చి ఎవరేమి చెప్పినను మూడు ప్రశ్నలు అడుగుట అలవాటు చేసికొనవలెను. ఈ మందు పుచ్చుకొననివారికి ఏమైనది? ఎవరికి ఇయ్యవలెనో, ఎవరికి మానవలెనో ఎట్లు నిర్ణయించిరి? తగ్గనివారిని, చనిపోయినవారిని లెక్కలో చేర్చిరా? ఈ ప్రశ్నలు పసరు పోయువానిని అడుగదగినవే. తెల్లకోటు తొడిగిన వైద్యుని అడుగదగినవే. పత్రికలోని ప్రకటనను అడుగదగినవే. అడిగినంతమాత్రమున ఎవరికిని అగౌరవము లేదు.

ఇరువదియైదు సంవత్సరములుగ ఒక పల్లెలో గ్రంథాలయము నిలిచినదన్నచో, విన్నదానిని వెంటనే నమ్మక, వెంటనే కాదనక, తెరచి చదివి తెలిసికొందమను వారు ఆ పల్లెలో ఉన్నారని అర్థము. అట్టివారి ఇంట పుట్టిన శిశువునకు మొదటినాటి టీకా తప్పదు. అట్టివారి ఇంట దీర్ఘరోగి పసరు కొరకు నెలలు పోగొట్టుకొనడు. ఆ వివేకము ఈ గ్రంథాలయపు గడప దాటి ప్రతి ఇంటికి చేరుగాక!